కడిగినా నిలిచినవి

నీలవేణి పైపెట్ పట్టుకుంటే కింది పెదవి పంటి కిందికి పోతుంది. బిలాస్‌పూర్‌లోని ప్రయోగశాలలో నాలుగేళ్లుగా ఆమె చూస్తున్నవి టి-కణాలు. రక్తంలో సాగిపోయే ఈ రక్షక కణాలు, రోగం సోకిన చోట నాళం గోడను పట్టుకుని ఆగాలి. వాటికి ఆ పట్టునిచ్చేవి ఇంటెగ్రిన్ అణువులు. గోడ మీది ప్రొటీన్‌ను గాజుపలకకు పూసి, పైన కణాలు వేసి కడుగుతుంది. ఇప్పటికి చేసిన ఏడుసార్లూ కణాలన్నీ కొట్టుకుపోయాయి. "ఛోడ్ దో, టాపిక్ బదల్ లో," అన్నారు పరిశోధన గైడు, ఇది వదిలేసి వేరే అంశం తీసుకోమని. "ఏక్ హఫ్తా, సర్," అంది నీలవేణి.

ఆ వారమంతా ప్రయోగంలో వాడే ద్రావణాల సీసాలు ఒక్కొక్కటే పరీక్షించింది. ఆదివారం, రైల్వే షెడ్‌లో ఫిట్టర్‌గా రిటైరైన తండ్రి బంగార్రాజు అన్నం క్యారేజీ తెచ్చాడు. "ఏటమ్మా, ఏటైనా దొరికిందా?" "నా తప్పే దొరికింది నాన్నా. కడిగే నీళ్లలో మెగ్నీషియం కలపనేదు. అది నేకపోతే ఇంటెగ్రిన్ పట్టుకోదు." "మరి సారుకి సెప్తావా?" "సెప్పాల కదా." నోటుబుక్కులో ఆ పొరపాటు రాసి, కింద సంతకం చేసింది. మెగ్నీషియం కలిపి ఎనిమిదోసారి కడిగింది. మైక్రోస్కోపులో చూస్తే కణాలు నిలిచే ఉన్నాయి. అయినా గైడుకు ఫోన్ చేయలేదు. ఇంకాస్త జోరుగా మళ్లీ కడిగింది. అవి కదల్లేదు. అప్పుడు తీసింది ఫోను.