చెవులమ్మ ఎత్తిన వేలు

పాటల కంపెనీలో మూడో అంతస్తు గదిలో అధికారిగా ఒక ఆడమనిషి వచ్చి కూర్చున్న రోజున, ఆ అంతస్తులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి కూడా లేదు. ఎందుకుంటుంది? అక్కడిదాకా ఒక ఆడది ఎక్కి వస్తుందని కట్టినవాడు కలలో కూడా అనుకోలేదు. అవసరం పడ్డప్పుడల్లా ఆమె మెట్లన్నీ దిగి, ప్యాకింగ్ గది ఆడవాళ్ల వెనక వరుసలో నిలబడి, మళ్లీ అన్నీ ఎక్కేది. "ముందు మీరు వెళ్లండమ్మా" అని వాళ్లు జరిగితే, "ఎందుకే, నాకేమైనా రెండు కడుపులున్నాయా?" అనేది. వాళ్లు ఆమెను చెవులమ్మ అనేవారు, ఎదురుగానే.

పాముచెవుల మనిషి కాబట్టి ఆ పేరు. అది కింద, రికార్డులు వినే గదిలోనే వచ్చింది. అయిదో తరగతితో బడి మానేసి, పదిహేడేళ్లకు ఆ కంపెనీలో వినే పనికి చేరింది. అచ్చయి వచ్చిన రికార్డుల్లో కట్టకొకటి తీసి, మొదటినుంచి చివరిదాకా వినాలి. పాట వినకూడదు, పాటలో ఉన్న చెత్త వినాలి. చిటపటమన్నా, గరగరమన్నా కుడిచేతి చూపుడువేలు ఎత్తాలి. పక్కనున్న గుమాస్తా సుద్దముక్కతో గీత పెడతాడు. నోరు మెదపకూడదు. మాట్లాడితే తర్వాతి చప్పుడు తప్పిపోతుంది. రోజంతా అదే పాట, అదే పాట. మిగతా అమ్మాయిలు నెల తిరిగేసరికి పాటంటేనే ఒళ్లు మండి పని మానేసేవాళ్లు. ఆమె మానలేదు. ఇంట్లో చెల్లెలుంది మరి.

ఆ చెల్లెలు బట్టలు ఆరేస్తూ కూనిరాగం తీస్తే పక్కింట్లో కుట్టుమిషను ఆగిపోయేది. అక్క గొంతేమో నూనె ఎరగని తలుపు బందు.

"దేవుడు ఇద్దరికీ కలిపి ఒకటే గొంతిచ్చాడు, అది కాస్తా నువ్వు లాక్కున్నావు" అనేది అక్క.

"నీకు చెవులిచ్చాడుగా, నోరు మూసుకుని విను" అనేది చెల్లెలు.

పొద్దు వాలాక ఇల్లు చేరి, చెవుల్లో పేరుకున్న చిటపటలన్నీ ఆ పాటతో కడుక్కునేది ఆమె. "నేను పైకెక్కితే మొదటి పాట నీదేనే" అని మాటిచ్చింది.

ఎక్కింది. పేరున్న పాటగాడి రికార్డు వింటూ ఒకరోజు వేలెత్తి, "మూడో చరణం ముందర ఎవరిదో కుర్చీ కిర్రుమంది" అంది. మేడమీది కోట్లవాళ్లు నవ్వారు. కోటు తొడుక్కున్నంత మాత్రాన చెవులు మొలుస్తాయా? తీరా వేసి వింటే, కిర్రుమంది. ఆ వారమే ఆమెను పైన రికార్డింగు గదికి మార్చారు. పదిహేనేళ్లు అక్కడ పాడేవాళ్లకెదురుగా అద్దం గోడ వెనక కూర్చుని తప్పులు పట్టింది. ఈలోపు చెల్లెలికి పెళ్లయింది, పిల్లలు పుట్టారు, పాట మాత్రం పోలేదు. చివరికి ఎవరు పాడాలో తేల్చే కుర్చీ, అంటే శాఖ మొత్తం, చెవులమ్మ చేతికే వచ్చింది. "ఆవిడకి ఇంగ్లీషు రాదే" అని సణిగాడు ఒక పెద్దమనిషి. "వయొలిన్‌కి వచ్చా?" అంది.

మొదటి నెలలోనే చెల్లెల్ని పిలిపించింది. అద్దానికి అవతల చెల్లెలు చెప్పులు విడిచి, కాళ్లు దగ్గరగా పెట్టుకుని మైకు ముందు నిలబడింది. ఎర్రదీపం వెలిగింది. పల్లవి అయింది. ఇవతల అక్క ఒళ్లంతా చెవులు చేసుకుని వింటోంది. రెండో చరణం ఎత్తుకోబోతూ చెల్లెలు ఊపిరి పీల్చుకుంది, కాస్త గట్టిగా. అంతే, అక్క కుడిచేతి వేలు తనంతట తానే పైకి లేచింది.

కింద గదిలో ఆ వేలికి అర్థం సుద్దగీత. మేడమీద అధికారి వేలెత్తితే, ఆపమని. రికార్డింగు యంత్రం దగ్గరున్న మనిషి ఆపేశాడు. వాద్యాలవాళ్లు ఒక్కొక్కరే చేతులు దించారు. ఎర్రదీపం ఆరిపోయింది.

"ఏమైందక్కా?"

నీ తప్పేం లేదే, నా పాడు వేలు, అంటే సరిపోయేది. కానీ గదినిండా మగాళ్లు. కుర్చీ ఎక్కి నెల కూడా కాలేదు. పొరపాటున ఎత్తానంటే రేపటినుంచి ఆ వేలిని ఎవడు లెక్కచేస్తాడు?

"ఊపిరి వినబడింది. మళ్లీ మొదటినుంచి" అంది.

చెల్లెలు అద్దంలోంచి ఆమె మొహం కాసేపు చూసింది. "ఊపిరి తీసుకోకుండా పాడటం నాకు రాదక్కా" అంది. హెడ్‌ఫోన్లు తీసి జాగ్రత్తగా కొక్కేనికి తగిలించి, చెప్పులేసుకుని, బస్సెక్కి వెళ్లిపోయింది.

రాకపోకలు ఆగలేదు. పిల్లల జ్వరాలకూ, ఇల్లు మారడాలకూ అన్నిటికీ అక్కే కావాలి. అక్క ముందు పాట ఒక్కటే ఆగిపోయింది. మెట్లెక్కుతుంటే లోపల పాట వినబడేది. తలుపు తట్టగానే టక్కున ఆగేది. అలా ఇరవై రెండేళ్లు. ఏ వీధిలో నడిచినా ఆమె ఎంచి పంపిన గొంతులే మోగుతుండేవి. ఊరందరికీ వడ్డించి తాను పస్తున్నట్టుండేది ఆమెకు.

ఉద్యోగం వదిలిన మర్నాడు పొద్దున్నే చెల్లెలింటికి వెళ్లింది. చెల్లెలు వంటింట్లో గిన్నెలు తోముతోంది.

"ఏమే, ఒక్కసారి పాడవే."

"పొద్దున్నే కచేరీ పెట్టావా ఏంటి?"

"ఆ రోజు నీ తప్పేం లేదే. వేలు దానంతటదే లేచింది. వాళ్లందరి ముందూ చెప్పడానికి పొగరడ్డొచ్చింది."

చెల్లెలి చేయి ఆగలేదు. "నాకు తెలుసు."

"తెలుసా!"

"ఒకే పక్కమీద పెరిగాం. నిద్రలో కూడా వేలెత్తేదానివి, తెలియకేం? నీ నోటితో చెబుతావేమోనని చూశాను. ఇరవై రెండేళ్లు పట్టింది మహాతల్లికి."

అంతమంది నోళ్లు మూయించిన మనిషి, "మరి ఇప్పుడు పాడవా?" అంది చిన్నపిల్లలా.

"నీ ఎదురుగా రాదక్కా. పంతం కాదు, నిజంగానే రాదు. గొంతు పట్టేసుకుంటుంది. పో, పోయి మెట్లమీద కూర్చో. వస్తే వస్తుంది, లేకపోతే లేదు."

తనను చూస్తే డైరెక్టర్లే లేచి నిలబడే మనిషి, మారు మాట్లాడకుండా వెళ్లి మెట్లమీద కూలబడింది. తలుపు మూసుకుంది. లోపల చెల్లెలు రెండుసార్లు దగ్గింది. తర్వాత గొంతు వచ్చింది, మునుపటిది కాదు, అంచులు అరిగిపోయిన గొంతు. రెండు పాదాలు పాడింది. మూడోది మరిచిపోయినట్టుంది, మళ్లీ మొదటికి వెళ్లి, మధ్యలోనే ఆగిపోయింది. ఇంకొంచెం అని అడగడానికి అక్కకు ధైర్యం చాల్లేదు.

"ఉన్నావా, పోయావా?" అంది చెల్లెలు లోపల్నుంచి.

"ఉన్నానే."

"అయితే ఉండు."

గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది. ఆమె తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చుంది.