ఇప్పచెట్లకు అవతలి గీత

నా భర్త నౌకరీలో ఉండగానే జ్వరమొచ్చి పోయాడు. అతని చోట నన్ను వన్‌మజూర్‌గా తీసుకున్నారు. వన్‌మజూర్ అంటే అటవీశాఖలో అన్నిటికన్నా కింది మెట్టు. మా పైన బీటు, అంటే తన వంతు అడవి ముక్క, చూసే గార్డు, గార్డు పైన వనపాల్, ఆ పైన రేంజరు. సిరొంచ తాలూకాలో జింగనూర్ వైపు బీటులో చేరి అక్కడే రిటైరయ్యాను. నా చదువు సంతకం వరకే, అందుకే నోటితో చెబుతున్నాను. ఇది కరోనా తగ్గిన ఏడాది, హోళీ వెళ్ళాక జరిగిన సంగతి.

అంతకు ముందు ఏడాది మా బీటులో వెదురు పూసింది. వెదురు మనిషి బతుకులో ఒక్కసారి పూస్తుంది. పూసి, గింజ రాల్చి, పొదకు పొద చచ్చిపోతుంది. వానలు పడగానే ఆ గింజ గడ్డిలా మొలిచింది. ఆ జాగా రక్షిత అడవిలో ఉంది. మొలక గట్టిపడేదాకా అక్కడ గొడ్డలి పడకూడదు, పశువు మేయకూడదు, నిప్పు అసలే తగలకూడదు. పైన నిలబడి ఉన్నదంతా ఎండు వెదురే, ఒక్క రవ్వ చాలు. మొలక కాలితే మళ్ళీ గింజ ఎక్కడిది? బుట్టలకైనా తడకలకైనా మా ఊరికి ఆ వెదురే దిక్కు.

మంట పాకకుండా చలికాలం చివర జాళ్‌రేషా తీస్తాం. రెండు ఎడ్లబండ్లు పట్టేంత వెడల్పున ఆకూ గడ్డీ తీసేసి, నేల కనబడేలా చేసిన గీత అది. వెదురుకు తూర్పున బండ్లబాట ఉంది కాబట్టి దాన్నే గీత చేసుకున్నాం. బాట అవతల ఇప్పచెట్లు, వాటికి అవతల ఎండి, రాలిన ఆకుతో నిండిన వాగు. ఏ ఇప్పచెట్టు కింద ఏ ఇంటివాళ్ళు పువ్వు ఏరాలో తాతలనాడే పంచుకున్నారు. మా అత్త వంతు చెట్లు నాకూ మా తోడికోడలు రాజక్కకూ కలిపి వచ్చాయి. నాకు జీతం ఉంది కదా అని నేను ఏరడం మానేశాను. ఆ పువ్వు అమ్ముకునే రాజక్క వానాకాలం గడిపేది.

ఆ రోజు మధ్యాహ్నం వాగు అవతల పొగ లేచింది. ఎవరు ముట్టించారో చివరికీ తేలలేదు. గాలి మంటను మా వైపే తోస్తోంది. గార్డు చంద్రపూర్ వైపు మనిషి, మాతో ఉండి తెలుగు నేర్చుకున్నాడు. ఈ గాలికి రవ్వలు గీత దాటుతాయి, ఎదురు మంట పెట్టాలన్నాడు. అంటే మన గీత దగ్గర మనమే ముట్టించి, వచ్చే మంట మీదికి పంపడం. రెండూ కలిసినచోట తినడానికి ఆకు ఉండదు, మంట చచ్చిపోతుంది. అతను చెప్పింది సరైన పనే. కానీ బాట నుంచి ముట్టిస్తే ముందు కాలేది ఇప్పచెట్ల కింది నేల. అప్పుడు చెట్ల నిండా మొగ్గ ఉంది. సెగ తగిలితే మాడిపోతుంది, ఇక ఆ ఏడాదికి పువ్వు ఉండదు.

గాలి జోరు మీద ఉన్నప్పుడు ఎదురు మంట పెట్టరు, అది తిరిగి మన మీదికే వస్తుంది. గాలి పడేదాకా ఆగాలి. ఈలోగా పొగ చూసి ఊరి ఆడవాళ్ళు వచ్చేశారు. అందరికన్నా ముందు రాజక్క.

“ఏందక్కా, సర్కారు కోడలివైనంక మన చెట్లు కండ్లకు ఆనుతలేవా?” అంది.

“ఆనుతున్నయే. ఎనుక వెదురు గూడ ఆనుతుంది,” అన్నాను.

“గాలి పడేదాక ఉత్తగ నిలబడుడేనా? అంతల మేం చెట్ల అవుతల ఊడుస్తం. గీత ఆడికి జరుపుర్రి.”

“ఊడ్చుడు పూరా కాకుంటే?” అన్నాడు గార్డు.

“ఎంత అయితె అంత. మిగిలింది కాలనియ్యి సారూ.”

గార్డు నా వైపు చూశాడు. ఊడవనిద్దామన్నాను. కానీ ఆడవాళ్ళకు ముందే చెప్పాను: “గాలి పడ్డంక ఒక్క ఊపు గూడ ఆగ. అప్పుడు నన్ను తిట్టొద్దు.”

“అయితె ఇప్పుడే తిట్టుకుంటం, మల్ల యాదుండది!” అని వెనక నుంచి ఎవరో అంటే ఆ పొగలో కూడా నవ్వారు.

మంట ముందు తాకేది ఉత్తరం కొస కాబట్టి అక్కడ మొదలుపెట్టాం. గార్డు ఆకు ఊదే మిషన్‌తో ముందు నడిచాడు, మేము పచ్చికొమ్మలతో ఊడ్చుకుంటూ వెనక నడిచాం. రాజక్క అందరి చెట్ల దగ్గరా ఊడ్చింది. ఆమె చెట్లు దక్షిణం కొసన ఉన్నాయి. వాటిని చేరకముందే గాలి పడిపోయింది. గార్డు చెయ్యి ఎత్తాడు. అక్కడికి ఆపి, గీతను అడ్డంగా బాటకు కలిపాం. రాజక్క చెట్లు మంట వైపు ఉండిపోయాయి.

“జర ఆగక్కా,” అంది.

“ఆగితె వెదురు పోతదే.”

నేను ఎండుగడ్డి కట్టకు నిప్పంటించాను. ఆమె వచ్చి నా చేతిలోంచి లాక్కుంది. “నువ్వు వెట్టకు. రేపు ఊరంత సర్కారు కోడలే కాలవెట్టిందంటరు. ఇటియ్యి.” తన చెట్ల కింద తనే ముట్టించింది. మిగతా గీత వెంట గార్డూ నేనూ ముట్టించాం.

రెండు మంటలూ వాగు ఒడ్డున కలిసి చచ్చాయి. వెదురుకు సెగ కూడా తగల్లేదు. ఆ ఏడాది రాజక్క చెట్ల కింద పువ్వు రాలలేదు. కొందరు తమ పువ్వులోంచి గంపెడు పెట్టారు, కొందరు పెట్టలేదు. పెట్టనివాళ్ళెవరో ఆమె ఇప్పటికీ చెబుతుంది.

తర్వాత వనపాల్ వచ్చి ఆ చోటంతా నడిచి చూశాడు. మరుసటి ఏడు నుంచి గీతను ఇప్పచెట్ల అవతలే తీశాం. చెట్లవాళ్ళకే కూలి ఇచ్చి ఊడిపించాం. దక్షిణం కొస నుంచి మొదలుపెట్టాలని రాజక్క పట్టుబట్టింది, అలాగే చేశాం. వెదురు ఇప్పుడు నా తల దాటింది.

నేను నేర్చుకున్నది ఇంతే. గీత తీసే ముందు, దానికి అవతల కాలేది ఎవరిదో వాళ్ళను పిలిచి అడగాలి. మంట వచ్చాక అడిగినా మంచివాళ్ళు ఒప్పుకుంటారు. కానీ అప్పటికి ఎవరో ఒకరి చెట్లు గీత బయటే ఉండిపోతాయి.