చిలకమ్మ తగాదాల పట్టిక

చిలకమ్మకు ఎవరితోనైనా తగాదా పెట్టుకోనిదే తెల్లవారేది కాదు. ఖరగ్‌పూర్‌లో ఇంజన్లకు బొగ్గు ఎంత అవసరమో ఆమెకు తగాదా అంత అవసరం. ఝపటాపూర్ బస్తీ నుంచి రైల్వే ఆసుపత్రికి నడిచి వచ్చేలోగా కూరగాయల దీదీతో ఒకటి, రిక్షా దాదాతో ఒకటి ముగించుకుని, పిల్లల వార్డులో అడుగు పెట్టేసరికి గొంతు సాపు చేసుకుని ఉండేది. మనుషులు దొరకని ఒక రోజున కిటికీ మీది కాకితో వాదించి గెలిచింది కూడా.

ఆ వార్డుకు అధికారిణి సిస్టర్ జ్ఞానరత్నం. రుజువు లేనిదే ఆవిడ దేనినీ నమ్మదు. థర్మామీటరును సైతం రెండుసార్లు చూస్తుంది. అరవై నాలుగో సంవత్సరం వానాకాలంలో ఒక సోమవారం, రైలుపెట్టెలు బాగుచేసే క్యారేజీ షాపులో ఫిట్టరు ఎర్రయ్య ఆవిడ బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు. అతని పన్నెండేళ్ళ కూతురు పరమేశ్వరి తొడ ఎముక విరిగి, కాలికి బరువులు కట్టించుకుని, మూడు వారాలుగా మూడో మంచం మీద వెల్లకిలా పడి ఉంది.

“సిస్టరమ్మా, మీ ఆయా నా కూతుర్ని ఏటన్నాదో తెలుసా? ‘నీ బాబు బిగించిన సక్రం, నీ కాలు ఒక్కలాటివే, రెండూ కదలవు’ అన్నాది! ఇరవై ఏళ్ళ సర్వీసమ్మా నాది! ఆవిడిని తీసీండి.”

చిలకమ్మ తాత్కాలికపు ఆయా. శనివారం పంపే రిపోర్టులో సిస్టర్ ఒక్క చెడ్డ మాట రాస్తే ఆమె ఉద్యోగం ఊడుతుంది. జ్ఞానరత్నం ఆమెను పిలిపించింది.

“ఆ మాట అన్నావా?”

“అన్నాను. ఇంకా సగం అన్నేదు.”

“పసిపిల్లతో తగాదా ఏమిటి?”

“పెద్దోళ్ళు నాతోటి పడలేకపోతన్నారు సిస్టరమ్మా. నానేటి సెయ్యాల?”

విచారించకుండా తీర్పు చెప్పడం జ్ఞానరత్నం స్వభావంలో లేదు. నోటుపుస్తకంలో గళ్ళు గీసి, మంగళవారం నుంచి ప్రతి తగాదాకూ వేళ, ప్రతివాది పేరు, కారణం నమోదు చేయసాగింది. గళ్ళు వేగంగా నిండాయి.

మొదటి రోజు పది గంటలకు చిలకమ్మ మూడో మంచం కాళ్ళవైపు నిలిచింది.

“ఒలే గుంటా! ఇంజన్లు బాగుసేసే లోకో షాపోళ్ళ పిల్లలైతే ఈపాటికి తన్నీసుందురు. క్యారేజీవోళ్ళ కాళ్ళల్లో గంజే.”

“మా బాబునంటే ఊరుకోను!”

“ఏటి సేస్తావు?”

“తంతాను!”

“సూద్దుం. ఇదిగో నా అరసెయ్యి.”

పరమేశ్వరి మంచికాలి పాదంతో ఫెడీమని తన్నింది.

“దోమ వాలినట్టున్నాది. మరి ఆ కట్టుకాలి పాదం? అది లోకోకి బదిలీ అయిపోనాదేటి?”

కోపం కొద్దీ రెండో పాదం కూడా ముందుకూ వెనక్కూ ఆడింది. ఇరవై సార్లు అయ్యాక చిలకమ్మ ఓటమి ఒప్పుకుని, ఐదో మంచానికి కదిలింది. అక్కడివాడు సిగ్నలు శాఖ వాళ్ళ అబ్బాయి. ఆ శాఖను తిట్టడానికి ఆమె వద్ద వేరే సామగ్రి ఉంది.

శుక్రవారం సాయంత్రం జ్ఞానరత్నం లెక్క కూడింది. మొత్తం తొంభై తొమ్మిది తగాదాలు. కదలకుండా పడుకున్న ముగ్గురు పిల్లలతో తొంభై ఆరు, ఒక్కొక్కరితో ఇంచుమించు గంటకొకటి. నీళ్ళ పంపుతో రెండు. కాకితో ఒకటి. పదో మంచం మీది తీతు అనే పిల్లవాడి పేరుకు ఎదురుగా మాత్రం సున్నా. వాడికి గుండె జబ్బు; కదలనివ్వరాదని, కోపం తెప్పించరాదని డాక్టరు ఆజ్ఞ. వాడి పక్కన చిలకమ్మ విసనకర్రతో విసురుతూ మాటామంతీ లేకుండా కూర్చునేది.

జ్ఞానరత్నం కళ్ళద్దాలు తుడుచుకుని ఆ సున్నాను మళ్ళీ చూసింది. చిలకమ్మను పిలిచింది.

“తీతుతో ఎందుకు పోట్లాడవు?”

“ఆడు పడుకోవాల కదా.”

“మరి మిగతా వాళ్ళు?”

చిలకమ్మ గొంతు మొదటిసారి తగ్గింది. “పెద్ద డాక్టరు మీకు సెప్పినప్పుడు నానక్కడే గచ్చు తుడస్తన్నాను. పిల్లల్లో అరుదే గానీ, కాలు కదలకపోతే నెత్తురు గడ్డ కడతాదని, అది ఊపిరితిత్తులకెక్కితే పేనానికే ముప్పని, గంటకోపాలి పాదాలు ఆడించాలని అన్నారు. ఆయన బంగ్లా బాసలో సెప్తే మాత్రం నాకు తెల్దేటి? మీరూ పిల్లలకి సెప్పినారు. ‘ఊఁ’ అన్నారు, పడుకున్నారు. నాను రెండ్రోజులు బుజ్జీ, కన్నా అని బతిమాలినాను. ఒక్కరూ కదపనేదు. మూడోనాడు ఆళ్ళ బాబుల్ని తిట్టినాను.”

జ్ఞానరత్నం తాను గోడకు అంటించిన ఇంగ్లీషు చార్టు వైపు చూసింది. పాదాలను కదిలించు విధానం అందులో నాలుగు రంగుల్లో ఉంది. దానివల్ల ఒక్క బొటనవేలైనా కదిలిన దాఖలా లేదు. ఆవిడ కలం తీసి, చిలకమ్మను ఎంతమాత్రం తీసివేయరాదనీ, ఆమె నోటిని ఎవరూ అదుపు చేయరాదనీ రిపోర్టు రాసింది.

శనివారం ఎర్రయ్య వస్తే సంగతంతా చెప్పి, పట్టిక చేతికిచ్చింది. అతను గళ్ళమీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, పైనుంచి కిందికి చదివాడు. తల గోక్కున్నాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. ఇంతలో వేలు ఒకచోట ఆగింది.

“ఇదేటి సిస్టరమ్మా? సిగ్నలోళ్ళ గుంటడికి ముప్పై మూడు, మా పిల్లకి ముప్పైయొకటేనా? ఇది అన్నేయం!”

జ్ఞానరత్నం రెండు వరుసలూ మళ్ళీ కూడింది. అతని మాట నిజమే.

“చిలకమ్మా,” అని గట్టిగా కేక వేసింది, “మూడో మంచానికి రెండు తగ్గాయి. వెంటనే వెళ్ళి తిట్టు.”