మామ టెస్టరు, నా కరెంటు కారు

నేను కరెంటు కారు కొంటానన్నప్పుడు మా ఇంట్లో అడ్డుపడింది మా మామ. ముప్పై నాలుగేళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. నల్లగొండ చుట్టుపక్కల ఆయన ఎక్కని స్తంభం లేదు, ఫ్యూజు వేయని ట్రాన్స్‌ఫార్మరు లేదు. కరెంటు గురించి ఇంట్లో అందరికన్నా ఎక్కువ తెలిసింది ఆయనకే, అందుకని అందరికన్నా ఎక్కువ భయం కూడా ఆయనకే. కరెంటు తీగలో ఉండాలి, తీగ స్తంభం మీద ఉండాలి, మనిషి కింద ఉండాలి అనేది ఆయన సిద్ధాంతం. ఆ మూడింటినీ ఒక్క డబ్బాలో పెట్టి రోడ్డు మీదికి వదలడం ఆయనకు ససేమిరా నచ్చలేదు.

"బిడ్డా, కరెంటుకు సుట్టరికం ఉండదు," అన్నారు నాతో. "ముప్పై నాలుగేండ్లు దాన్ని సాకిన. అయినా నన్ను రెండుసార్లు కొట్టింది."

నేను కేతేపల్లి దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. నల్లగొండ నుంచి రోజూ నకిరేకల్‌లో బస్సు మారి పోయి రావాలి. పెట్రోలు కారు నాకు బరువు, బస్సు నా నడుముకు బరువు. కరెంటు కారైతే ఇంటి ముందే చార్జింగ్ పెట్టుకోవచ్చు. ఈ మాట స్టాఫ్‌రూంలో అనడం నా తప్పు. ఆ వారమంతా తలా ఒక వీడియో తెచ్చి చూపించారు. అన్నింట్లోనూ ఏదో ఒక బండి కాలుతూనే ఉంది. బ్యాటరీ పోతే కారు ధరంత అవుతుందని ఒకరు, అమ్మబోతే ఎవరూ కొనరని ఇంకొకరు, వానాకాలం ఎట్లా, కంపెనీ చెప్పినంత దూరం వస్తుందా అని మరొకరు. లెక్కల సారు మాత్రం ఏ వీడియో చూపించలేదు. నావైపు జాలిగా చూసి ఊరుకున్నాడు. అదే ఎక్కువ భయపెట్టింది.

మా ఆయన బ్యాంకు ఉద్యోగి. నడిపేది నువ్వే, చూసుకునేదీ నువ్వే అని చేతులు దులుపుకున్నాడు. మా అత్తమ్మకు ఒకటే బెంగ. కారు షోరూం నుంచి వచ్చిన రోజు ఆమె వాకిట్లో నిలబడి, వీధి మలుపు తిరిగి కారు తన పక్కన ఆగేదాకా చూసింది. చప్పుడు లేదు. హారతి పళ్లెం పట్టుకుని చాలాసేపు దిగులుగా ఉంది.

"చప్పుడే లేకపాయె. మనం కారు కొన్నమని వాడకట్టుకు ఎట్ల ఎరుకైతది?"

మొదటి రెండు నెలలు మామ కారెక్కిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ముందు చెప్పులు రబ్బరువా కాదా చూసుకునేవారు. తర్వాత జేబులోంచి టెస్టరు తీసి డోరు హ్యాండిల్‌కు ఆనించేవారు. టెస్టరు వెలగకపోయినా నమ్మకం లేదు. చెయ్యి తిప్పి వెనకవైపుతో డోరును ఒకసారి తట్టేవారు. అరచేత్తో తీగ ముట్టుకుంటే వేళ్లు ముడుచుకుని పట్టుకుపోతాయట, వెనకవైపుతో ముడితే చెయ్యి ఇవతలికి విసిరేస్తుందట. ఇవన్నీ అయ్యాక లోపల కూర్చుని రెండు కాళ్లూ సీటు మీదికి ముడుచుకునేవారు. వీధిలో పిల్లలు ఇదంతా చూసి, అది కారెక్కే పద్ధతే కాబోలనుకుని, నా కారును ముట్టుకునే ముందు చెయ్యి తిప్పి తట్టడం మొదలుపెట్టారు.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో మహబూబ్‌నగర్ అవతల ఆత్మకూర్ ప్రయాణం పడింది. అక్కడ మా అత్తమ్మ చెల్లెలు ఉంటుంది. ఆమె మనుమరాలి తొట్టెల, పిల్లను ఉయ్యాలలో వేసే వేడుక. కారు కొన్నాక నేను నల్లగొండ దాటి అంత దూరం పోయింది లేదు. కంపెనీవాళ్లు చెప్పిన దూరాన్ని నమ్మి, నిండా చార్జింగ్ పెట్టి, పొద్దున్నే బయలుదేరాం. మా ఆయనకు సెలవు దొరకలేదు. నేను, అత్తమ్మ, మామ. అత్తమ్మ రెండు డబ్బాల సకినాలు, బియ్యం మూట, పిల్లకు బట్టలు, వెండి గిన్నె సర్దింది. బరువు పెరిగితే చార్జింగ్ తొందరగా దిగుతుందని మామ ఒక సకినాల డబ్బా దింపించారు. అత్తమ్మ దేవరకొండ దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

దారి పొడుగునా మామ పని ఒకటే. బ్యాటరీ ఎంతుందో బస్సు కండక్టరు స్టాపులు చెప్పినట్టు పైకి చదవడం. ఎనభై మూడు. ఎనభై రెండు. ఏసీ వేస్తే అంకెలు తొందరగా పడుతున్నాయని కనిపెట్టి ఆయనే ఆపించారు. అద్దాలు దించితే వేడిగాలి. డిండి దగ్గర దిగుడులో మాత్రం ఒక వింత జరిగింది. కారు తన బరువుకు తాను దిగుతూ బ్యాటరీని కొంచెం నింపుకుంటుంది కదా, అరవై నాలుగు కాస్తా అరవై ఐదైంది. మామ ముందుకు వంగి కళ్లద్దాలు సవరించుకున్నారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు మీటరు వెనక్కి తిప్పుకునేవాళ్లను ఎందరినో పట్టుకున్నారాయన.

"గిది దొంగ మీటరు బిడ్డా," అన్నారు గంభీరంగా.

సగం దూరం దాటాక ఒక టౌనులో చార్జింగ్ స్టేషన్ ఉందని ఫోన్లో ముందే చూసి పెట్టుకున్నాను. స్టేషన్ ఉంది. దాని మీద గోనెపట్టా కప్పి ఉంది. పట్టా మీద ఒక కుక్క పడుకుని ఉంది. వాచ్‌మన్ లేచి, అది చెడిపోయి చాలా దినాలైందని, రిపేరువాళ్లు రేపు వస్తామని రోజూ చెప్తున్నారని వివరించాడు. ఉన్నదాంతో మెల్లగా పోదామని ధైర్యం చెప్పుకుని సాగాను. నాగర్‌కర్నూల్ దాటి కొంత దూరం పోయేసరికి అంకె పద్నాలుగుకు వచ్చింది. మామ చదవడం ఆపేశారు. ఆయన చదివినప్పటికన్నా ఆపినప్పుడే నాకు చెమటలు ఎక్కువ పట్టాయి.

రోడ్డు పక్క ఊరొకటి కనబడితే ఆపాను. పిండి గిర్ని ఒకటి తిరుగుతోంది. గిర్ని ఉన్నచోట పెద్ద ప్లగ్గు ఉంటుందని మామే అన్నారు. గిర్ని నడిపే ఆమెకు యాభై ఏళ్లుంటాయి. కనుబొమ్మల మీద కూడా జొన్నపిండే. మా అవస్థ విని, కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"ఎంతసేపు పడ్తది?"

మూడు గంటలన్నాను.

"మూడు గంటలా? గంతల బర్రె ఈని, దూడ లేసి నిలవడ్తది," అని, అయినా ప్లగ్గు చూపించింది.

వైరు తీసి ప్లగ్గులో పెట్టాను. చార్జర్ డబ్బా మీద ఎర్ర లైటు వెలిగింది. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ ఎర్ర లైటు. కారు కరెంటు తీసుకోనంటోంది. జొన్నలు, బియ్యం గంపలతో వరుసలో కూర్చున్న ఆడవాళ్లు నలుగురూ నన్నే చూస్తున్నారు. పిల్లలకు గుండె పనితీరు బొమ్మ గీసి చెప్పే నాకు, ఆ లైటు ఏమంటోందో అర్థం కాలేదు. ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు మామ కారు దిగారు. టెస్టరు పెట్టి చూశారు. ఒక హోల్డరు, బల్బు, రెండు తీగ ముక్కలు అడిగి, ప్లగ్గులో ఒక కొసను కరెంటుకూ ఇంకో కొసను నేలలోకి పోయే ఎర్త్‌కూ పెట్టారు. నిండుగా వెలగాల్సిన బల్బు చచ్చీ చెడీ మిణుకుమంది.

"కారుకు ఏం రోగం లేదు బిడ్డా. ఈ గిర్నికే ఎర్త్ లేదు. మంచిగ ఎర్త్ లేందే అది తీస్కుంటలేదు. తెలివిగల్ల బండే."

మూడు నెలల్లో ఆయన నోటి నుంచి నా కారు గురించి వచ్చిన మొదటి మంచిమాట అది. నాకు ఎర్ర లైటు కూడా అందంగా కనబడింది.

ఆయన గోడ వెనక్కి పోయారు. ఎర్త్ పైపు పాతిన గుంత ఎప్పుడో ఎండిపోయి, కోళ్లు అందులో పొర్లుతున్నాయి. కోళ్లను తరిమి, నాలుగు బిందెల నీళ్లు, రెండు కిలోల దొడ్డుప్పు కావాలన్నారు. గిర్ని ఆమె ఉప్పు తెస్తూనే అసలు సంగతి చెప్పింది. వాననీళ్లు ఆరాయంటే చాలు, గిర్ని ముట్టుకుంటే జివ్వుమంటుందట. రెండేళ్ల నుంచి అందరికీ చెప్తున్నా ఎవరూ పట్టించుకోలేదట. గిరాకీవాళ్లు పిండి డబ్బాను కర్రతో ఇవతలికి లాక్కుంటున్నారట. మామ ఆ మాట విని నిజంగా బాధపడ్డారు. పంచె ఎగగట్టి, వదులైన తీగను పైపుకు బిగించి, ఉప్పు పోసి, నీళ్లు పోయించారు. ఈసారి బల్బు నిండుగా వెలిగింది. చార్జర్ మీద ఆకుపచ్చ లైటు వచ్చింది. గిర్ని ఆమె భయం భయంగా గిర్నిని ముట్టుకుంది. ఏమీ కాలేదు. ఇంకోసారి ముట్టుకుని నవ్వింది.

గిర్ని తిరిగితే వోల్టేజీ పడి చార్జింగ్ ఆగిపోతోంది. అందుకని మామ వంతులు పెట్టారు. కాసేపు కారు, కాసేపు పిండి. గంపలవాళ్లకు ఆలస్యమైనా ఎవరూ వెళ్లలేదు, అంతకన్నా మంచి కాలక్షేపం దొరికింది. చూడ్డానికి వచ్చిన ఒక పెద్దమనిషి, చార్జింగ్ పెట్టుకున్నప్పుడు కారు అంటుకోదా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మామ అందుకున్నారు. పెట్రోలుకు అంటుకోదా, ఇంట్లో గ్యాస్ బండ పక్కన అన్నం తింటలేవా అన్నారు. అది మూడు నెలల కింద నేను ఆయనకు చెప్పిన జవాబు. అప్పుడు ఆయన దాన్ని ఒక్క నిమిషంలో కొట్టిపారేశారు. బ్యాటరీ సంగతి అడిగితే వారంటీ ఎన్నేళ్లో, దేనికి వర్తించదో గడగడా చెప్పారు. ఆ కాగితాలు ఆయన ఎప్పుడు చదివారో నాకు ఇప్పటికీ తెలియదు.

"మరి వానల తడిస్తె షాక్ కొట్టదా?" అంది గంప పట్టుకున్న ఒకామె.

"నీ బోరు మోటరు యాడుంటది చెల్లె? నీళ్లల్లనే మునిగి తిరుగుతది గద. అది ఎన్నడన్న కొట్టిందా?"

ఈ జవాబు మాత్రం నాది కాదు, ఆయన సొంతం. నాకు అసూయ కలిగింది.

పెద్దమనిషి చివరి ప్రశ్న వేశాడు. "అంత మంచిదే గని, గిట్ల నడుమల ఆగితే ఏంజెయ్యాలె?"

మామ చేతికంటిన మట్టి దులుపుకున్నారు. "ఆగుతది. అబద్ధమెందుకు. ఆగితే గిసొంటి ఊర్లె ఆగాలె."

గిర్ని ఆమె మాకు జొన్నరొట్టెలు, టమాట తొక్కు పెట్టింది. అత్తమ్మ కారులోంచి సకినాల డబ్బా తెచ్చి మూత తీసింది. తొట్టెల కోసం మిగిలిన ఒక్క డబ్బా కూడా అక్కడే ఖాళీ అయింది.

ఆత్మకూర్ చేరేసరికి పొద్దు గుంకుతోంది. తొట్టెల అయిపోయింది. పిల్ల నిద్రపోయింది, వంటవాళ్లు గిన్నెలు తోముతున్నారు. అత్తమ్మ చెల్లెలు మూతి ముడుచుకుని ఎదురొచ్చింది. ఆలస్యం ఎందుకైందని అడిగితే, చార్జింగ్ అయిపోయిందని చెప్పడం అత్తమ్మకు నామోషీ.

"మీ బావ గిర్నికి ఎర్తింగ్ ఏసిండు," అంది.

"నేను పసిపిల్ల తొట్టెలకు పిలిస్తి. గిర్నికి ఎర్తింగేందే?"

ఆ గొడవ వెండి గిన్నె చూశాక కొంచెం తగ్గింది గానీ పూర్తిగా తీరలేదు. ఇప్పటికీ ఆ ఇంటి ఫోటోల్లో మేం లేం.

తిరుగు ప్రయాణంలో చుట్టు తిరుగుడైనా మహబూబ్‌నగర్ మీదుగా, చార్జింగ్ స్టేషన్లున్న పెద్ద రోడ్డు పట్టుకుని వచ్చాం. మామ ఇంటిదాకా ఒక్క అంకె కూడా పైకి చదవలేదు. కాళ్లు కింద పెట్టి కూర్చున్నారని అత్తమ్మే నాకు కళ్లతో చూపించింది.

ఇప్పటికి మూడేళ్లు దాటింది. స్టాఫ్‌రూంలో చెప్పిన వాటిలో కొన్ని నిజమే అయ్యాయి. కంపెనీ చెప్పిన దూరం ఎండాకాలంలో ఎప్పుడూ రాదు. కొత్త దారిన పోవాలంటే ముందు రోజే ఫోన్లో చార్జింగ్ స్టేషన్లన్నీ వెతికి పెట్టుకోవాలి. బ్యాటరీకి మాత్రం ఏమీ కాలేదు, కారు కాలనూ లేదు. నా నడుము నొప్పి సగం తగ్గింది.

మొన్న మామతో పనిచేసి రిటైరైన ఒకాయన, కొడుకు కరెంటు కారు కొంటానంటున్నాడని సలహాకు వచ్చాడు. మామ ఆయనను వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి రెండుసార్లు చాయ్ తాగడం అయ్యేదాకా చెప్పారు. అంతా విని ఆయన, అయితే కొనమంటవా వద్దంటవా అని తేల్చి అడిగాడు. లోపల వంకాయలు కోస్తున్న నేను కత్తిపీట ఆపి చెవులు రిక్కించాను.

"కొనుమను," అన్నారు మామ. "కారు సంగతి నాకేం ఎరుక, అది మా కోడల్ని అడుగు. ముందుగాల మీ ఇంటి ఎర్త్ చూపియ్యి, పా."

ఇద్దరూ లేచి చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు.