రాజవ్వ నేర్పిన నీటితోట

చెరకు సీజన్‌లో మా నర్సరీ ముందు రోడ్డు మీద బయటి చక్కెర ఫ్యాక్టరీల మడ్డి లారీలు పోతాయి. ఫ్యాక్టరీలో చెరకు రసం వడగట్టాక మిగిలే నల్లటి ముద్దను మా వైపు మడ్డి అంటారు. పసుపు చేలకు, పూలమళ్ళకు అది మంచి ఎరువు. వాసన మాత్రం బెల్లం పాకం పులిసి కుళ్ళినట్టు ఉంటుంది. నిన్న పొద్దున ఒక లారీ పోగానే నాతో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. నేను చేతిలో కలువ దుంప పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ వాసన వచ్చినప్పుడల్లా నాకు రాజవ్వ గుర్తుకు వస్తుంది, ఆమె వెనకే నా సిగ్గూ వస్తుంది.

రాజవ్వ బోధన్ చక్కెర ఫ్యాక్టరీ అధికారుల బంగళాల్లో చాలా ఏళ్ళు పూలమళ్ళు చూసుకుంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక నిజామాబాద్ రోడ్డు పక్కన అరెకరం కౌలుకు తీసుకుని నర్సరీ పెట్టింది. అక్షరం ముక్క రాదు. నేను పదో తరగతితో బడి మానేసినా, నిజామాబాద్ గ్రంథాలయంలో తోటల మీద ఉన్న పుస్తకాలన్నీ చదివినదాన్ని. ఇంగ్లీషువి నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఈ మాట ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను. పని అడగడానికి వెళ్ళిన రోజు ఆమె సిమెంటు తొట్లు చూసి, అడగకుండానే తప్పు దిద్దాను.

"అవ్వా, తామర అని అమ్ముతున్నవు గానీ ఇది కలువ."

"ఎట్ల చెప్తవ్?"

"కలువ ఆకు నీళ్ళ మీద పరుచుకుని ఉంటది, ఒక పక్క చీలిక ఉంటది. తామరాకు గుండ్రంగ, నీళ్ళకంటె పైకి లేస్తది. ఒక బోర్డు రాసి పెట్టరాదు?"

"పెడ్త బిడ్డా, మొక్కలకు సదువొచ్చినంక," అంది. తర్వాత బోసినోటితో నవ్వి, "నాకెర్క లేదా ఏంది? తామర అంటెనే జనం కొంటుండ్రు. రేపటి సంది రా. నువ్వే కలువ అని చెప్పి అమ్ముదువు గని," అంది. ఆ పని ఎంత కష్టమో నెల తిరక్కుండానే తెలిసింది. కలువ అని చెప్పగానే సగం మంది వెళ్ళిపోయేవారు. అయినా ఆమె నన్ను తామర అని అమ్మమనేది కాదు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక నాతో ఒక పేజీ చదివించుకునేది. కళ్ళు మూసుకుని వింటూ మధ్యలో ఆపేది. చలికాలంలో దుంపలు తీసి లోపల దాచుకోవాలని చదివితే, "గది మంచు కురిసే దేశం ముచ్చట. ముంగటికి పో," అనేది. నీళ్ళ పైభాగం సగానికి పైగా ఆకులతో కప్పి ఉంటే పాచి పట్టదని చదివితే మాత్రం లేచి కూర్చుంది. "గిది నిజం. మల్ల సదువు." గుర్రపుడెక్క పూవు ఊదారంగులో ఎంత బాగుంటుందో అని నేనోసారి మురిసిపోతే, "పూవు సూసి ఇంట్లకు తెచ్చుకుంటె నీళ్ళే కనబడకుండ చేస్తది. నా నర్సరీల అది అడుగు వెట్టద్దు," అంది. కొలను ఎక్కడ తవ్వాలో చూడటానికి ఎవరింటికైనా వెళితే మిట్టమధ్యాహ్నం వెళ్ళేది. వాళ్ళు నీడలోకి రమ్మన్నా రాకుండా ఎండ ఎంతసేపు ఎక్కడ నిలుస్తుందో చూసేది. రోజుకు ఆరు గంటలసేపు ఎండ లేని చోట కలువ పూయదని నేను పుస్తకంలో చదివాను. ఆమె చెమటతో లెక్కగట్టింది.

రెండో ఏడు ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి. అప్పుడే ఒక వకీలుగారు తన కొత్త ఇంటి ముందు చిన్న కొలను, దాని చుట్టూ పూలమడి కావాలని వచ్చారు. ఊళ్ళో పెద్ద ఇల్లు. ఆ పని బాగుంటే ఆ వీధి అంతా మాకే వస్తుంది. చెడితే ఆ వీధిలో రాజవ్వ పేరు ఎత్తరు. "నువ్వే చెయ్," అంది ఆమె.

కాగితం మీద బొమ్మ గీసుకుని చేశాను. కొలనులో నాలుగు కలువ కుండీలు, ఒడ్డు తడిలో వస, వెనక మడిలో ఎత్తుగా మెట్టతామర, ముందు వరుసలో బంతి. ఆకు రాలే చెట్టేదీ దగ్గర లేకుండా చూసుకున్నాను. ఆ ఏడాది మడ్డి వేసిన బంతి మళ్ళు విరగబూశాయి. అందుకని నర్సరీకి కొత్తగా తోలించిన మడ్డి కుప్పలోంచి తీసి కలువ కుండీల మట్టిలో కూడా దండిగా కలిపాను. రాజవ్వను అడగలేదు. అడగాల్సిన అవసరం లేదనుకున్నాను.

తొమ్మిదో రోజు వకీలుగారి నుంచి ఫోను వచ్చింది. వెళ్ళి చూస్తే నీళ్ళు నల్లబడి బుడగలు వస్తున్నాయి. మడ్డి తేలి ఆకులకు అంటుకుంది. ఇంటివాళ్ళు వేసుకున్న రంగు చేపలన్నీ వెల్లకిలా తేలాయి. వాళ్ళ గృహప్రవేశానికి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

నర్సరీకి పరుగెత్తుకొచ్చి, "వాళ్ళ బోరు నీళ్ళు ఉప్పగ ఉన్నయని చెబుదాం అవ్వా," అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. "మడ్డి. మట్టి గురించి పుస్తకంల ఏం రాసిండ్రో సదువు."

చదివాను. బరువైన బంకమట్టి, అందులో బాగా మాగిన ఎరువు కొద్దిగా, పైన కంకర.

"మాగిన అన్నడు గద. మన కుప్పల చెయ్యి వెట్టి సూడు." పెట్టాను. లోపల ఇంకా వేడిగా ఉంది. "కొద్దిగ అన్నడు. కంకర పొయ్యమన్నడు. పుస్తకం మంచిగనే చెప్పింది పిల్లా, నువ్వే సగం సదివినవ్. నడువు. నేను దర్వాజ కాడ నిలవడ్త. మాట నువ్వే చెప్పాలె."

వకీలుగారు అంతా విని, "చేపలు మా ఆవిడవి. రోజూ పొద్దున్నే ఇక్కడికొచ్చి దాణా వేసేది ఆమెనే. ఆమెకే చెప్పు," అన్నారు. ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. తప్పు నాదేనని, పచ్చి ఎరువు వేశానని, అందుకే చేపలు చచ్చిపోయాయని చెప్పాను. ఆమె నల్లటి నీళ్ళ వైపు చూసింది.

"చుట్టాలందరికీ చెప్పుకున్న. ఇప్పుడు అంతా కడిగి కొత్త చేపలు వేస్తే గృహప్రవేశం దాకా బతుకుతయా? పూలొస్తయా?"

వెనక్కి తిరిగి చూశాను. రాజవ్వ దర్వాజాను ఆనుకుని నన్నే చూస్తోంది. వస్తాయని ఒక్క మాట అంటే ఆ రోజుకు గండం గడిచేది.

"పూలు రావు అమ్మా. చేపలు ఇప్పుడే వెయ్యద్దు. నీళ్ళు కుదురుకోవడానికి నెల పడ్తది. గృహప్రవేశం నాటికి చిన్న ఆకులే ఉంటయి, పువ్వు ఉండదు. మడిలో బంతి మాత్రం ఉంటది."

"ఇంత చేసి, పువ్వు గూడ లేదంటవా?" అని ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. వకీలుగారు మాత్రం, "చెప్పింది చెయ్యండి," అన్నారు.

రెండు రోజులు కొలను తోడి, రుద్ది కడిగి, చెరువు బంకమట్టితో కుండీలు మళ్ళీ నింపి పైన కంకర పరిచాం. రాజవ్వ నొప్పి కాళ్ళతో గట్టు మీద కూర్చుని ఒక్కో కుండీ నొక్కి చూసింది. గృహప్రవేశం నాడు కొలను దగ్గర ఎవరూ ఆగలేదట. నెల దాటాక ఆ ఇంటావిడే నర్సరీకి వచ్చింది. చేపలు ఎప్పుడు వెయ్యాలో, ఏవి వెయ్యాలో నన్నే అడిగింది. ఆమె వెళ్ళాక రాజవ్వ మెచ్చుకుంటుందేమోనని చూశాను. ఆమె తొట్టిలో ముదిరిన ఆకు తుంచుతూ, "ఇగ గిరాకీలతోని నువ్వే మాట్లాడు," అని మాత్రం అంది.

రాజవ్వ పోయి కొన్నేళ్ళయింది. నర్సరీ ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. పెళ్ళి ఉందని, ఫంక్షన్ ఉందని, వారంలో కలువలు పూయాలని అడిగేవాళ్ళు నెలకు ఇద్దరైనా వస్తారు. ఎన్నాళ్ళు పడుతుందో అన్నాళ్ళూ చెప్తాను. కొందరు మొహం ముడుచుకుని పక్క నర్సరీకి వెళ్తారు. వెళ్ళనిస్తాను.