పొగ గొట్టాల బావ

మా బావ పోయిన సంగతి నాకు బస్సు కండక్టరు చెప్పాడు. వికారాబాదులో మా దుకాణం ముందు బస్సు ఆపించి, ఫుట్‌బోర్డు మీద నుంచే, "సేట్, మీ బావ కుల్కచర్లల బస్సు దిగి పది అడుగులు ఏసిండో లేదో, కూలవడ్డడు. మల్ల లేవలే," అన్నాడు. అప్పుడు నేను ఒక రైతుకు కరెంటు మోటారు గొప్పతనం వివరిస్తున్నాను. కండక్టరు మాట విన్నాక కూడా, చెబుతున్నది ముగించే లేచాను. నేను అలాంటి మనిషిని. చదివేవారికి ఈ సంగతి ముందే తెలియడం మంచిది.

మా అక్కను చేసుకునే నాటికి బావ తాండూరులో ఒక పప్పు మిల్లులో ఇంజను మేస్త్రీ. నిజాం పాలన పోయి, రజాకార్ల భయం తీరి, జనం మళ్లీ ధైర్యంగా బజారుకు వస్తున్న రోజులవి. చేతిలో కాస్త డబ్బు ఉన్న ప్రతివాడికీ దాన్ని దేని మీద పెట్టాలన్నదే ఆలోచన. కొందరు నాపరాతి గనుల మీద పెట్టారు, కొందరు బస్సుల మీద. నాకు బస్సు మీద మోజు. బావ నవ్వాడు. "బస్సులు తిప్పెటోడు తిప్పనీ, బండలమ్మెటోడు అమ్మనీ. ఈడ మనుషులకు నీళ్లు లేవు బామ్మర్దీ. మనం నీళ్ల మీద పెడదాం," అన్నాడు.

ఇద్దరం కలిసి తాండూరు స్టేషను దగ్గర ఆయిల్ ఇంజన్ల దుకాణం పెట్టాం. ఇంజన్లు గూడ్సు బండిలో చెక్కపెట్టెల్లో వచ్చేవి. పెట్టె విప్పే ముందు బావ చెప్పులు విడిచేవాడు. ఇంజను తిరుగుతుంటే స్క్రూడ్రైవరు ఒక కొన దానికి, రెండో కొన తన చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. "ఏం డాక్టర్ సాబ్, నాడి ఎట్లున్నది?" అని నేను ఏడిపించేవాణ్ణి. కొన్న రైతు వెంట బండెక్కి వాళ్ల ఊరికి పోయేవాడు. ఇంజను బిగించి, కాలువలో మొదటి నీళ్లు పడేదాకా అక్కడే కూర్చుని, ఆ నీళ్లతో ముఖం కడుక్కుని వచ్చేవాడు. ఆయనకు వ్యాపారంలో సుఖమంతా అక్కడే. నాకేమో సరుకు మా గుమ్మం దాటడంలో ఉండేది.

మా వైపు బావులు చాలా లోతు. ఇంజను గట్టు మీద పెడితే అంత కింది నుంచి నీళ్లు లాగలేదు. అందుకని బావి గోడలోనే అరుగులాగా తొలిచి, దాన్ని అక్కడికి దింపేవాళ్లు. ఎండాకాలం నీళ్లు కిందికి పోతే ఇంజనును ఇంకా కిందికి దింపేవాళ్లు. అందరూ చేసేదే. అయితే దాని పొగ బావిలో నిలవకుండా గట్టు పైదాకా గొట్టం పెట్టాలి. ఆ గొట్టం దగ్గరికి వచ్చేసరికి రైతుకు చేతిలో డబ్బు అయిపోయేది, మాకు చెప్పే ఓపిక అయిపోయేది.

బంట్వారం అవతలి ఊరి రైతు ఒకాయన ఎడ్ల జత అమ్మి మా దగ్గర ఇంజను కొన్నాడు. నడి ఎండాకాలంలో మళ్లీ వచ్చాడు. "నీళ్లు కిందికి వోయినయి సేట్. ఇంజన్ ఇంకో ఐదు మూరలు దింపుదమనుకుంటున్న. గొట్టం గూడ పొడుగు చేయాల్నా?" అని అడిగాడు. బావ ఆ పక్కనే ఒక పెద్ద ఆసామితో మాట్లాడుతున్నాడు. ఆ ఆసామి ఒకేసారి రెండు ఇంజన్లు కొనడానికి వచ్చాడు. గొట్టాల మాట ఆయన చెవిన పడితే మళ్లీ ఏం ఆలోచిస్తాడో అని నా భయం. రైతును తొందరగా పంపేయాలని, "పొగే గదా, అదే పైకి పోతది. దింపుకో పో," అన్నాను.

అది నేను అన్న మాట. బావ అన్నది కాదు. ఇన్నేళ్లకు ఇప్పుడు రాస్తున్నాను.

నాలుగో రోజు కబురు వచ్చింది. ఇంజను నడుస్తుండగా నూనె పోద్దామని బావిలోకి దిగిన రైతు పైకి రాలేదు. అన్నను పిలుస్తూ దిగిన తమ్ముడూ రాలేదు. మేం వెళ్లేసరికి ఇద్దరినీ రెండు మంచాల మీద పడుకోబెట్టారు. ఒంటి మీద చిన్న దెబ్బ కూడా లేదు. రైతు భార్యకు పాతికేళ్లు కూడా ఉండవు. "గంత కిందికి దింపుమని ఎవరు చెప్పిండ్రు?" అని మా ఇద్దరి ముఖాల్లోకి చూసింది. నేను చూపు మంచాల వైపు తిప్పుకున్నాను. బావ ఒక అడుగు ముందుకు వేసి, "నేనే చెప్పిన బిడ్డా," అన్నాడు.

ఊరివాళ్లు ఆయన అంగీ చింపి కొట్టారు. ఆయన చేయి కూడా అడ్డం పెట్టుకోలేదు. నేను జనం వెనక నిలబడి చూశాను.

తిరిగి వచ్చే దారిలో, "బావా, గా మాట అన్నది నేను గదా," అని మొదలుపెట్టాను. ఆయన ఆగలేదు. "ఊకో. నువ్వన్నది నేనిన్న. ఇని, బేరం చెడుతదని సప్పుడు చేయలే. ఇగ ఎవరి నోట్లకెళ్లి వస్తేంది?" అన్నాడు. ఆ విషయం మా మధ్య మళ్లీ ఎన్నడూ రాలేదు. రాకపోవడం నాకు హాయిగానే ఉండింది, సిగ్గు లేకుండా చెప్పాలంటే.

ఆ తర్వాత బావ దుకాణంలో కూర్చోలేదు. గొట్టాలు, రెంచీలు, ఒక లాంతరు, మోకు తాడు తీసుకుని కుల్కచర్ల, కోట్‌పల్లి, బంట్వారం వైపు ఊళ్లన్నీ తిరిగాడు. ఇంజను ఎవరి దగ్గర కొన్నా సరే, బావిలోకి లాంతరు దింపి చూసేవాడు. "దీపం ఆరితె దిగొద్దు. ఆరకున్నా నమ్మొద్దు. ఇంజన్ బందు పెట్టుండ్రి, జరసేపు పొగ పోనియ్యుండ్రి, నడుముకు మోకు కట్టుకోని దిగుండ్రి," అని పిల్లల చేత ఎక్కాలు చెప్పించినట్టు రైతుల చేత చెప్పించేవాడు. ఉచితంగా గొట్టం బిగించి, నీళ్లు వచ్చేదాకా ఆగకుండా ఇంకో ఊరికి పోయేవాడు. నేను పిలిచే పిలుపు విని ఊళ్లవాళ్లు కూడా ఆయన్ను పొగ గొట్టాల బావ అన్నారు.

ఒకనాడు నేను ఎగిరిపడ్డాను. "మన సరుకుల సావున్నదని ఊరూర చాటుతున్నవు. దుకాణం ముంచుతవా ఏంది?"

"ఉన్నది గదా బామ్మర్దీ," అన్నాడు. అంతే.

దుకాణం మునగలేదు. ఆ దుకాణంలో కొంటే మేస్త్రీ వచ్చి చూసిపోతాడట అని పేరు వచ్చి, అమ్మకం రెట్టింపైంది. ఆయన చెప్పులు అరిగితే నాకు వికారాబాదులో రెండో దుకాణం వచ్చింది. కరెంటు స్తంభాలు పడగానే గాలి ఎటు వీస్తుందో కనిపెట్టి ఇంజన్లు వదిలి మోటార్లకు మారాను. తెలివైనవాడినని నలుగురూ అన్నారు. నేనూ కాదనలేదు.

బావ ఏటా ఒకసారి ఆ రైతు భార్య ఇంటికి వెళ్లేవాడు. ముళ్లకంప కంచె బయట నిలబడేవాడు. ఆమె చూసి లోపలికి వెళ్లిపోయేది. జొన్న చేలలో కూలి చేసుకుని బతికేది, ఈయన ఏమిచ్చినా ముట్టేది కాదు. తిరిగి వచ్చి మా అక్కతో, "గామె ఒక్కపారి మాట్లాడితె సాలు, తిట్టినా మంచిదే," అనేవాడు. అన్నం దగ్గర కూర్చుని నేనూ ఎన్నోసార్లు విన్నాను. బంట్వారం బస్సెక్కి ఒక్క మాట చెప్పి వస్తే అయిపోయేది. మొదట్లో దుకాణం కోసం చెప్పలేదు. తర్వాత చెప్పకపోవడం అలవాటైపోయింది.

ఆయన్ను సాగనంపడానికి మండువేసవి అయినా నాలుగు ఊళ్ల జనం వచ్చారు. "పది మందికి పనికొచ్చి తృప్తిగా పోయిండు," అన్నారు. తృప్తి ఎక్కడిది? నిద్రే సరిగా లేదని మా అక్కకు తెలుసు. ఆ రెండు మంచాలు ఆయన్ను వదలలేదు. అయినా ఎన్ని ఇళ్లలో మంచాలు అలా వాకిట్లోకి రాకుండా ఆపాడో, అది ఆయనకు ఎవరు చెప్పినా తలకెక్కలేదు. నాకు బతుకు నేర్పింది ఆయనే. నేర్చుకోనిది నేను.

మా వాళ్లలో పూడ్చడం ఆచారం. అందరూ వెళ్లాక నేనొక్కణ్ణే ఆ పచ్చి మట్టి దగ్గర ఉన్నాను. అప్పుడు ఆమె వచ్చింది. జుట్టు సగం నెరిసింది. బస్సు దొరకక ఆలస్యమైందని చెప్పింది.

"ఈయనను మాఫ్ జేసిన అని చెప్పనీకె వచ్చిన," అంది. "బతికున్నప్పుడు నోరు రాలె. ఎన్నిసార్లు వచ్చి నిలవడ్డడో పాపం."

నేను లేచి నిలబడ్డాను. "అమ్మా, గా మాట చెప్పింది ఆయన కాదు. నేను."

ఆమె నా ముఖంలోకి చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. నన్ను దాటుకుని వెళ్లి మట్టి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. నుదురు దాదాపు మట్టికి ఆనేదాకా వంగి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని, ఆయనతో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. మెల్లగా, ఎంతోసేపు, నాకు వినబడకుండా.