ఆఖరి పెనం చప్పుడు

నూకాలమ్మ తల్లి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం కల్పితం కాదు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో నా మాట నమ్మేవాళ్ళు తక్కువ. అందుకే ఈసారి నోటితో చెప్పకుండా కాగితం మీద పెడుతున్నాను.

యాభై రెండేళ్ళ వయసులో నేను విశాఖలో సంగీతశాస్త్రం ఎం.ఏ. చదువుతున్నాను. బెల్లం కొట్టు మా ఆవిడ రమణమ్మ చూసుకుంటుంది. నేను లేకపోతే బేరాలు తొందరగా తెగుతున్నాయని ఫీజు కూడా ఆవిడే కట్టింది. నా పరిశోధన పత్రంలో మూడో అధ్యాయం బెల్లం వంట మీద. చెరకు రసం ఉడికేకొద్దీ పెనం చప్పుడు మారుతుందనీ, పాకం కుదిరిన సంగతి వండేవాడు చెవితోనే పసిగడతాడనీ రాశాను. అందుకు ఆధారంగా కిందటేడు దేవరాపల్లి దగ్గర తీసిన రికార్డింగు ఉండేది. మేనల్లుడి పెళ్ళి వీడియోకి ఫోన్లో చోటు చాలక దాన్ని చెరిపేశాను.

మా గైడు మేడమ్ నాకన్నా ఇరవయ్యేళ్ళు చిన్నది. ఆదివారం ఫోన్ చేసింది. “మాస్టారూ, రేపు సాయంత్రంలోగా ఆ రికార్డింగు పంపండి. లేకపోతే మూడో అధ్యాయం తీసేస్తాను. అది తీసేస్తే మీకు మిగిలేవి అట్టలే.”

అట్టలకి డిగ్రీ ఇవ్వరు. మళ్ళీ ఏడాది చదవాలి. రమణమ్మ రెండోసారి ఫీజు కట్టే మనిషి కాదు.

సోమవారం పొద్దున్న ఆరుంబావుకి అనకాపల్లి ఆర్టీసీ కాంప్లెక్సులో చోడవరం బస్సెక్కాను. ఎంత రద్దీ అంటే, నా చెయ్యనుకుని పక్కాయన చెయ్యి గోక్కున్నాను. ఆయన హాయిగా ఉందన్నాడు. ఏడుంబావుకి చోడవరంలో దిగి ఇడ్లీ తింటూంటే, మూడోది ప్లేటులో ఉండగానే దేవరాపల్లి బస్సు కదిలింది. పరిగెత్తి ఎక్కాను.

ఈ బస్సులో సీటు దొరికింది. పక్కన ఖాళీ కూరగాయల గంపతో ఒకావిడ. ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి, డబ్బిచ్చి కొన్న నా టికెట్టు వంక జాలిగా చూసింది. ఎక్కడికని అడిగితే చదువు పని మీదన్నాను.

“ఈ వయసులో ఏటి సదువుతన్నారు బాబూ?”

“సంగీతం.”

“అయితే ఓ పాట పాడండి.”

పాడటం వేరు, పాట గురించి చదవడం వేరు అని వివరించాను.

“అంటే వంట సెయ్యరు, వంట గురించి మాట్లాడతారు. మా ఆయనా అంతే.”

అయినా దారి చెప్పింది ఆవిడే. చెరకు అయిపోయిందట, అన్ని పొయ్యిలూ ఆరిపోయాయట. అప్పలనాయుడి గానుగ దగ్గర మాత్రం ఇవాళ ఆఖరి పెనం ఉడుకుతోందట. ఊరికి ముందు కల్వర్టు దగ్గర దిగమంది. “బేగి ఎల్లండి,” అని గంప అడ్డు తీసింది.

ఎనిమిదిన్నరకి దిగి, పొగనే ఆనవాలుగా పెట్టుకుని కోసేసిన చెరకు మళ్ళ మధ్య నడిచాను. అప్పలనాయుడికి అరవై దాటి ఉంటాయి. తలకి తువ్వాలు చుట్టి పొడుగాటి గరిటెతో పెనం కలుపుతున్నాడు. దించడానికి ఇద్దరు మనుషులు కర్రలతో సిద్ధంగా ఉన్నారు. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

“నిన్నెప్పుడూ సూసినట్టు లేదే, బావా.”

కిందటేడు వచ్చినప్పుడు మీసం ఉండేదన్నాను. ఆయన నా పైపెదవి వంక ఓసారి చూసి మళ్ళీ గరిటె తిప్పాడు.

గానుగ మోటారు ఆపేసి ఉండటం నా అదృష్టం. ఫోన్‌ని సెగ తగలకుండా ఇటుక మీద పెట్టి రికార్డింగు నొక్కాను. పాకాన్ని చెవితో ఎలా కనిపెడతావని అడిగాను.

“సెవితోనా? నీకెవడు సెప్పేడు? కళ్ళతోనే సూత్తాను. రంగు సూసి, సుక్క నీళ్ళలో ఏసి సూసి దించుతాను.”

నా మూడో అధ్యాయం ఆ పొయ్యిలోనే కాలిపోయింది. పైగా ఆయన కాదన్న మాట కూడా రికార్డయింది. నేను చెరకు పిప్పి మీద కూలబడ్డాను. ఎండదెబ్బ అనుకున్నాడేమో, గరిటె పక్కన పెట్టి గ్లాసుడు చెరకు రసం తెచ్చిచ్చాడు. పెనానికి వీపు పెట్టి నా ఎదురుగా కూర్చుని అల్లుడి సంగతి ఎత్తుకున్నాడు.

“కొత్త బండేసుకుని రోలుగుంట ఎల్లేడు. దార్లో ఓ గేదె అడ్డొచ్చింది. ఈడు బ్రేకెయ్యకుండా దాంతో మాటలెట్టుకున్నాడు. అదేమో...”

వెనక బుడబుడమంటున్న పెనం నెమ్మదించింది. గొంతు బరువెక్కినట్టు గుబ్బుగుబ్బుమంది. ఆయన మాట సగంలో ఆగిపోయింది. తల తిప్పలేదు.

“దించండ్రా.”

ఇద్దరూ కర్రలు దూర్చి పెనం దించేశారు. అప్పుడు లేచి, ఒక చుక్క నీళ్ళలో వేసి ఉండ చుట్టి పెనం అంచుకి కొట్టాడు. టంగుమంది, పాకం సరిగ్గా కుదిరింది.

“చూడకుండా ఎలా చెప్పావు, బావా?” అన్నాను.

“సెప్పేనా?”

ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టాను. మూడుసార్లు విన్నాడు.

“నలబై ఏళ్ళనించి కళ్ళతో సూత్తన్నాననే అనుకుంటన్నాను,” అన్నాడు మెల్లిగా.

వేడి బెల్లం అరిటాకులో కట్టిచ్చి కల్వర్టు దాకా సాగనంపాడు. గేదె కథ మళ్ళీ మొదలుపెట్టేసరికి పదకొండింటి బస్సొచ్చింది. ఎక్కగానే రికార్డింగు మేడమ్‌కి పంపాను. చోడవరం చేరేలోపు జవాబొచ్చింది. “అధ్యాయం ఉంటుంది, మాస్టారూ. ఇంతకీ గేదె ఏమైంది?”

నాకూ తెలియదు. వెళ్ళదలచినవాళ్ళు చెరకు ఉన్నన్నాళ్ళలో, పొద్దున్నే, మంచినీళ్ళు పట్టుకుని వెళ్ళండి. గేదె సంగతి అడిగి నాకు చెప్పండి.

చోడవరం నుంచి కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్ళో బెల్లం వెచ్చగా ఉంది. చాలా నెలల తర్వాత కంటినిండా నిద్రపట్టింది. అంత నిద్ర ఎందుకు పట్టిందో చెప్పాలంటే ఒకటి ఒప్పుకోవాలి, ఒట్టు తల్లి మీద వేశాను కనుక. పక్కాయన చెయ్యి గోక్కోవడం నిజమే. మీసం మాత్రం నాకెన్నడూ లేదు. కిందటేటి రికార్డింగూ లేదు. మూడో అధ్యాయం మొత్తం కొట్టులో బెల్లం దిమ్మల పక్కన కూర్చుని ఊహించి రాశాను. దేవరాపల్లి వెళ్ళడం నాకదే మొదటిసారి. పాకం ముదిరేకొద్దీ చప్పుడు పైస్థాయికి పోతుందని రాశాను. నిజానికి అది కిందికి దిగుతుంది. నిద్రపోయే ముందు ఆ ఒక్క వాక్యం దిద్దుకున్నాను.